మా శివారు వాళ్ళు వాలీబాల్ మానేసిన ఏడు

ఇందులో ప్రతి మాటా నిజం. నమ్మకం కుదరని వాళ్ళ కోసం ఒట్టు కూడా వేస్తున్నాను. దేవుడి మీద వేస్తే ఆయన పట్టించుకోడు, పిల్లల మీద వేస్తే మా ఆవిడ ఊరుకోదు. అందుకని మా ఆవిడ చింతచిగురు వేసి వండే చిన్నచేపల పులుసు మీద వేస్తున్నాను. ఇందులో ఒక్క మాట అబద్ధమైనా ఆ పులుసు దాక ముందు కూర్చునే యోగం నాకు మళ్ళీ లేకుండా పోవాలి. ఇంతకన్నా పెద్ద ఒట్టు నాకు తెలియదు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఊళ్ళో నేను వాన పడుతోందంటే తల బయటపెట్టి చూసుకున్నాకగాని ఎవరూ గొడుగు తీయరు.

మాది కాలువ చివరి ఊరు. శివారు అంటారు. ఆనకట్ట దగ్గర బయల్దేరిన గోదావరి నీళ్ళు దారిలో ఎన్ని ఊళ్ళున్నాయో అన్నీ తాగి, పశువుల్ని కడిగి, బట్టలు ఉతికి, చెరువులు నింపుకుని, ఇంకా ఏమన్నా మిగిలితే మాకు వదులుతాయి. పెళ్ళి భోజనాల్లో ఆఖరి వరసలో కూర్చున్నవాడికి బూరెలు ఎలా అందుతాయో మాకు నీళ్ళు అలా అందేవి. వడ్డించేవాడు మర్యాదగా వస్తాడు, గిన్నె మాత్రం ఖాళీగా ఉంటుంది.

మాకు సరిగ్గా ఎగువన ఉన్న ఊరిని పై ఊరు అంటాం. ఆ ఊరి పొలిమేరలోనే మా పిల్లకాలువ పెద్ద కాలువ నుంచి విడిపోతుంది. అక్కడ తూముకి ఒక ఇనప తలుపు ఉంది. ఆ తలుపు ఎత్తితే మేం రైతులం, దించితే ప్రేక్షకులం.

దక్షిణాఫ్రికాలో క్రికెట్ ప్రపంచకప్ జరిగిన ఏడు. అంతకుముందు వానాకాలం వానలు మొహం చాటేశాయి. గోదావరిలో నీళ్ళు తక్కువున్నాయి కాబట్టి దాళ్వాకి, అంటే రెండో పంటకి, వంతుల ప్రకారం ఇస్తామని చెప్పారు. నాలుగు రోజులు పై ఊరికి, నాలుగు రోజులు మాకు. మొదటి నెల బాగానే నడిచింది. తరవాత వాళ్ళ నాలుగు రోజులు అయిదయ్యాయి, ఆరయ్యాయి. మా వంతు వచ్చేసరికి కాలువలో అడ్డంగా తాటిదుంగలు, గడ్డి, మట్టి ప్రత్యక్షమయ్యేవి. అవి తీసేసరికి గట్టు మీద ఆయిల్ ఇంజిన్లు మొదలయ్యేవి. మా చేలు కంకి కట్టే ముందు చిరుపొట్ట మీద ఉన్నాయి. నేల నెర్రెలిచ్చింది. ఇంకో రెండు తడులు పడితే గింజ, పడకపోతే గడ్డి.

పై ఊరి ప్రెసిడెంటు గారి దగ్గరకు రాయబారం వెళ్ళింది నేనే. ఒకసారి కాదు, ఆరేడుసార్లు. ఆయన చాలా మంచి మనిషి. ఇది వెటకారం కాదు. అరుగు దిగి ఎదురొచ్చి కూర్చోబెట్టేవారు. "నీళ్ళు నా ఇంట్లో తయారవుతాయాండి? దేవుడిచ్చేవండి. ముందు కాఫీ పుచ్చుకోండి," అనేవారు. ఆ నెలలో నేను వాళ్ళింట పుచ్చుకున్న కాఫీ మడిలో పోస్తే ఒక తడి అయ్యేది. కోప్పడదామంటే ఆయన కోపం రానిచ్చేవారు కాదు. మా గోదావరి వాళ్ళతో ఇదే చిక్కు. మీ గొంతు మీద కాలు పెట్టినా, చెప్పులు విప్పి పెడతారు.

మా ఊళ్ళో రిటైరైన సోషల్ మాస్టారు ఒకరుండేవారు. ఆదివారం చర్చిలో ప్రసంగం పాస్టరుగారు చేసేవారు, మిగిలిన ఆరు రోజులూ మాస్టారు చేసేవారు. టీవీలు ఊళ్ళో చాలా ఇళ్ళలోనే ఉన్నా, క్రికెట్ మాత్రం మాస్టారి వరండాలో చూస్తేనే చూసినట్టుండేది. ఎందుకంటే ఓవరుకీ ఓవరుకీ మధ్య ఆయన ఆ దేశం చరిత్ర కూడా చెప్పేవారు. ఒకరోజు ఇంగ్లండు వాళ్ళు జింబాబ్వేలో ఆడాల్సిన మ్యాచ్‌కి వెళ్ళలేదని వార్త వచ్చింది. అక్కడి ప్రభుత్వం మంచిది కాదని కొందరు, అక్కడికి వెళ్తే ప్రాణాలకు భయమని కొందరు అన్నారు. ఏదైతేనేం, ఆట మానేసి పాయింట్లు వదులుకున్నారు.

నాకు నవ్వొచ్చింది. ఆడకపోతే ప్రభుత్వానికి నష్టం ఏంటి మాస్టారూ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తీశారంటే గంట పాఠం అని మాకు తెలుసు.

ఈ కప్పు జరుగుతున్న దేశాన్నే చూడమన్నారాయన. మనుషుల్ని రంగును బట్టి విడగొట్టినన్నాళ్ళూ వాళ్ళతో ఎవరూ ఆడలేదు. క్రికెట్ లేదు, ఒలింపిక్స్ లేవు. మన దేశం టెన్నిస్‌లో పెద్ద కప్పు ఫైనల్ దాకా వెళ్ళి, ఎదుట ఉన్నది వాళ్ళని తెలిసి ఆడకుండా వదిలేసుకుంది. చివరికి ఆ ప్రభుత్వం పోయింది. ఇవాళ అదే దేశం ప్రపంచాన్ని పిలిచి పోటీలు పెడుతోంది. అన్నం లేకపోతే మనిషి నాలుగు రోజులు ఓర్చుకుంటాడుగాని, పక్కవాడు ఆటకు రానంటే ఓర్చుకోలేడని తేల్చారు.

ఆ మాట నా చెవిలో పడ్డ క్షణాన నా బుర్రలో దీపం వెలిగింది. నా బుర్రలో దీపం వెలిగితే ఊరికి ఎప్పుడూ మంచిది కాదు.

సంగతేంటంటే, ఏటా శివరాత్రి తీర్థానికి పై ఊళ్ళో వాలీబాల్ పోటీలు జరుగుతాయి. తణుకు వైపు నుంచి, రావులపాలెం వైపు నుంచి జట్లు వస్తాయి. అందులో మా రెండు ఊళ్ళకీ తాతల నాటి ఆనవాయితీ ఒకటుంది. గ్రౌండు, భోజనాలు వాళ్ళవి. నెట్టు, బంతులు మావి. మైకులో ఆట వర్ణించేది నేను. నేను వర్ణిస్తుంటే ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆట వైపు చూడకుండా నా వైపు చూసేవారు. మనం నెట్టివ్వం, బంతివ్వం, జట్టు పంపం, మైకు ముట్టుకోం, అప్పుడు చూడండి తలుపు ఎలా లేస్తుందో అన్నాను. మాస్టారు వెంటనే కాగితం తెమ్మన్నారు.

ఊరంతా ఊగిపోయింది. ఊగనిది ఒక్కడే. మా బావమరిది.

అతను మా ఆవిడ తమ్ముడు. మా ఇంట్లోనే ఉండి, నాతో పాటు రెండెకరాలూ చూసుకునేవాడు. అతను వాలీబాల్‌లో షాట్ కొడితే ఎలా ఉండేదో చెప్పాలి. ఒక ఏడాది కోనసీమ జట్టు మీద కొట్టిన బంతి దెబ్బకు నేల మీద గుంట పడింది. దాన్ని ఎవరూ పూడ్చలేదు. వానాకాలంలో అందులో పీత కాపురం పెట్టింది. పిల్లల్ని కూడా పెంచింది. ఇది నేను కళ్ళారా చూశాను.

రాజమండ్రి వైపు ఒక ఫ్యాక్టరీకి వాలీబాల్ జట్టుండేది. ఆ జట్టు చూసుకునే ఆఫీసరు ఏటా మా పోటీల ఆఖరి రోజుకి వచ్చి, ఆట నచ్చితే ఒకరిద్దరిని పనిలోకి తీసుకునేవాడు. ఇరవై అయిదు నిండితే తీసుకోరు. కిందటేడు మా బావమరిది మడమ బెణికి ఆఖరి రోజు ఆడలేకపోయాడు. వచ్చే శివరాత్రికి ఇరవై అయిదు దాటిపోతాయి. అంటే ఈ ఒక్క శివరాత్రే. ఇది అతనికి తెలుసు, మా ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. తెలిసీ నేను బహిష్కరణ అన్నాను. బుర్రలో వెలిగిన దీపం అంత మంచి దీపం మరి.

మాస్టారి వరండాలో మీటింగు పెట్టాం. తీర్మానం చదివారు. చేతులెత్తమన్నారు. అందరివీ లేచాయి. మా బావమరిది చెయ్యి మోకాలి మీదే ఉంది.

"ఆ టెన్నిస్ కప్పు వదులుకున్నారే, ఆ ఆటగాళ్ళ పేర్లు చెప్పండి మాస్టారూ," అన్నాడు.

మాస్టారు ఒక్క నిమిషం ఆలోచించారు. "గుర్తు లేవురా."

"వాళ్ళకు మళ్ళీ వచ్చిందాండీ ఆ కప్పు?"

"లేదు. మన దేశానికే రాలేదు."

"మరి ఆ ప్రభుత్వం ఎన్నాళ్ళకి దిగిందండి?"

"ఇరవై ఏళ్ళకి."

"ఇరవై ఏళ్ళకి నాకు నలభై నాలుగండి," అన్నాడు. అని, అందరూ చూస్తుండగా చెయ్యెత్తాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మాస్టారు మినిట్స్ పుస్తకంలో ఏకగ్రీవం అని రాశారుగాని, ఆ మాట రాయడానికి చాలాసేపు పట్టింది ఆయనకి.

ఇంటికొస్తే మా ఆవిడ కంచం కొంచెం గట్టిగా పెట్టింది. "మీరు మానేసేది మైకు. వాడు మానేసేది ఉద్యోగం. రెండూ ఒక్కటేనా?" అంది. నేను కంచంలో అన్నం కలుపుకున్నాను.

తీర్మానం కాగితం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ప్రెసిడెంటు గారు నిలబడే చదివారు. రెండోసారి కూర్చుని చదివారు. "ఎంత బాగా రాశారండీ మాస్టారు. అక్షరాలు చూడండి, గుచ్చితే దండ అయ్యేలా ఉన్నాయి," అన్నారు. కాఫీ వచ్చింది. కాఫీ అయ్యాక, "మీ ఇష్టమండి. రానివాళ్ళని రమ్మని ఎలా అంటాం," అన్నారు. మర్నాడే మనిషిని రాజమండ్రి పంపి కొత్త నైలాన్ నెట్టు, నాలుగు బంతులు తెప్పించారు. మా నెట్టుకి చిల్లులుండేవి. అలా మా బహిష్కరణ వల్ల వచ్చిన మొదటి మార్పు ఏంటంటే, పై ఊరికి మంచి నెట్టు అమరింది.

పోటీలు శివరాత్రికి మూడు రోజుల ముందే మొదలయ్యాయి. జట్లన్నీ వచ్చాయి. మా జట్టు స్థానంలో ఇంకో ఊరి జట్టుని పెట్టారు. మేం లేమని ఎవరూ పెద్దగా గమనించినట్టు లేదు. మైకు ఎవరో కుర్రలెక్చరర్‌కి ఇచ్చారట, పాయింట్లు తప్ప ఇంకేమీ చెప్పడట. జనం అదే బాగుందన్నారట. ఆ మాట మోసుకొచ్చినవాడికి నేను ఆ తరవాత ఆర్నెల్లు బీడీ ఇవ్వలేదు.

మావాళ్ళు చేతులూరుకోక, నీళ్ళు లేని మా పిల్లకాలువలోనే నెట్టు కట్టారు. ఈ గట్టు మీద కొబ్బరిచెట్టుకి ఒక కొస, ఆ గట్టు మీద కరెంటు స్తంభానికి ఒక కొస. అడుగున మెత్తటి వండ్రుమట్టి ఎండి పలకలు కట్టి ఉంది. రెండు గట్లూ గ్యాలరీలు. అంత మంచి గ్రౌండు నేను ఎక్కడా చూడలేదు. అందరూ ఆడేవారు, మా బావమరిది మాత్రం గట్టు మీద కూర్చుని చూసేవాడు. రమ్మంటే కాలు నొప్పిగా ఉందనేవాడు. కాలు నొప్పి కాదని ఈ గట్టుకీ తెలుసు, ఆ గట్టుకీ తెలుసు.

ఒక సాయంత్రం మాస్టారు పాత పేపరు ఒకటి తీసుకుని కాలువ గట్టు మీదకి వచ్చారు. జింబాబ్వే ఆటగాళ్ళిద్దరు, ఒకరు తెల్లాయన, ఒకరు నల్లాయన, తమ దేశంలో ప్రజాస్వామ్యం చచ్చిపోయిందని చేతికి నల్లపట్టీ కట్టుకుని ఆడారట. చదివి వినిపించారు. మా బావమరిది ఆ పేపరు అడిగి తీసుకుని మళ్ళీ చదువుకున్నాడు.

"అయితే ఆడుతూ కూడా చెప్పొచ్చన్నమాట," అన్నాడు.

వాళ్ళది వాళ్ళ ఊరి తగువు, లోపల ఉండి చెప్పాలి కాబట్టి ఆడారు, మనం బయటివాళ్ళం, మనకు మానెయ్యడమే దారి అని మాస్టారు వివరించారు. వివరిస్తూ వివరిస్తూ మధ్యలో ఆపేశారు. మనం బయటివాళ్ళమా, లోపలివాళ్ళమా అన్న అనుమానం ఆయనకే వచ్చినట్టుంది. ఒకే కాలువ నీళ్ళు తాగేవాళ్ళం కదా.

ఇక శివరాత్రి. పై ఊరి వాళ్ళు చేసిన ఒకే ఒక్క పొరపాటు అక్కడ బయటపడింది. ఆఖరి రోజు ఆట శివరాత్రి నాడే పెట్టడం వాళ్ళ తాతల నాటి నుంచి వస్తున్న పద్ధతి. పంచాంగం చూసి పోటీలు పెట్టారుగాని, క్రికెట్ పట్టిక చూసుకోలేదు. సరిగ్గా ఆ శివరాత్రి నాడే ఇండియాకీ పాకిస్తాన్‌కీ మ్యాచ్. మధ్యాహ్నం మొదలైంది. శివుడికి పొద్దున్నే దండం పెట్టుకుని, ఉపవాసాలతోనే జనం టీవీల ముందు చేరారు. తీర్థంలో జీళ్ళు అమ్మేవాడు కూడా కొట్టు మీద గోనెపట్టా కప్పేసి వెళ్ళిపోయాడట. గ్రౌండులో కొత్త నెట్టు, రంగుకాగితాలు, ఖాళీ కుర్చీలు, మధ్యలో ప్రెసిడెంటు గారు.

ఈ వార్త మాస్టారి వరండాకి చేరగానే మావాళ్ళు రెచ్చిపోయారు. బహిష్కరణ గెలిచిందన్నారు. మండలం మండలమే మనకోసం ఆట మానేసిందన్నారు. చెబుతూనే ఒక కన్ను టీవీ మీద వేసి ఉంచారు.

ఆ సమయంలో మా బావమరిది వరండాలో లేడు. ఎక్కడున్నాడో చెబుతాను.

బంతి ఒకటి చంకలో పెట్టుకుని, ఎండిన కాలువ వెంట నడుచుకుంటూ తూము దగ్గరకు వెళ్ళాడు. ఇవతల ఎండిన మట్టి, అవతల పెద్ద కాలువలో మోకాలిలోతు నీళ్ళు. మధ్యలో ఆ ఇనప తలుపు. బంతిని పైకి ఎగరేసి, గాల్లోకి లేచి, తలుపు మీదకి కొట్టాడు. ధడేలుమంది. తిరిగొచ్చిన బంతిని మళ్ళీ ఎగరేసి మళ్ళీ కొట్టాడు. అటు మ్యాచ్‌లో వికెట్ పడుతోంది, ఇటు తలుపు మోగుతోంది. ఫ్యాక్టరీ ఆఫీసరు ఖాళీ గ్రౌండు చూసి, ఎక్కడైనా టీవీ దొరుకుతుందేమోనని గట్టు మీద స్కూటరు మీద వస్తూ ఈ చప్పుడు విన్నాడు. బండి ఆపాడు. క్రికెట్ మర్చిపోయాడు. గట్టు మీద నిలబడి లెక్కపెట్టడం మొదలెట్టాడు. నూట పదో దెబ్బకు తలుపు మధ్యలో వంగింది. నూట ఇరవయ్యో దెబ్బకు కింద సందు చేసుకుని నీళ్ళు పాము పిల్లల్లా ఇవతలికి పాకాయి. ఆఫీసరు చెప్పులు చేత్తో పట్టుకుని కాలువలోకి దిగి, "నీ వయసెంతయ్యా?" అని అడిగాడు.

"ఇరవై నాలుగండి."

"ఎన్నాళ్ళు నిలుస్తాయి ఇరవై నాలుగు?"

"శ్రావణం దాకానండి."

అక్కడే జేబులోంచి కాగితం తీసి పేరు రాసుకున్నాడు. మర్నాడు తూములు చూసుకునే లస్కరు వచ్చి తలుపు చూసి, వంపు తియ్యాలంటే పైకెత్తాలన్నాడు. నాలుగో రోజుకి ఎత్తాడు. ఎత్తిన తలుపు దించడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో మా చేలకు రెండు తడులు పడ్డాయి. ఆ ఏడు ఎకరానికి ఎంత పండిందో చెప్పను, చెబితే మిగిలిందంతా అబద్ధమంటారు.

ఈ కథ ఇరవై ఏళ్ళకు పైగా మా ఊళ్ళో చెలామణీ అవుతోంది. నేను చెప్పడం మానేసినా వేరేవాళ్ళు చెబుతున్నారు. ఆ రోజు మాస్టారి వరండాలో కూర్చున్నవాళ్ళలో నలుగురు ఆ చప్పుడు మేమూ విన్నాం, టపాకాయలు అనుకున్నాం అని ప్రమాణాలు చేస్తారు. ఒకాయనకి ఆఫీసరు చెప్పుల రంగు కూడా గుర్తుంది.

ప్రపంచకప్ సంగతి చూస్తే, జింబాబ్వే వెళ్ళని ఇంగ్లండు వాళ్ళు ఆ పోయిన పాయింట్ల వల్ల ముందుకు వెళ్ళలేక ఇంటికి పోయారు. వాళ్ళు ఎవరి ప్రభుత్వం మీద అలిగారో ఆ దేశం జట్టు తరవాతి అంకానికి వెళ్ళింది. అక్కడి పెద్దాయన ఇంకా చాలా ఏళ్ళు కుర్చీలోనే ఉన్నాడు. మాస్టారు ఆ వార్త చదివి, దక్షిణాఫ్రికాతో అప్పుడు అందరూ మానేశారురా, ఇప్పుడు ఒక్కరే మానేశారు, ఒక్కడు మానేస్తే దాన్ని గైర్హాజరు అంటారు అన్నారు. బడి మాస్టారు కదా.

ఇక ఒప్పుకోలు. పులుసు దాకకి ప్రమాదం వచ్చే చోటికి వచ్చాం.

కాలువ, వంతులు, కాఫీలు, తీర్మానం, మాస్టారి మాటలు, ఖాళీ కుర్చీలు అన్నీ నిజం. పీత కూడా నిజమే. తలుపు కథ మాత్రం నేను అల్లాను. ఏ బంతీ ఆ తలుపుని వంచలేదు. అది ఇంగ్లీషువాళ్ళ నాటి ఇనుము, లారీ గుద్దినా వంగదు.

జరిగింది ఇది. ఆ మధ్యాహ్నం ఊరంతా టీవీల దగ్గర ఉండగా, మా ఆవిడ నా మోపెడ్ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. మా బావమరిది మా చేలోకి వెళ్ళి, ఎండిన వరి దుబ్బు ఒకటి పీకి, పురికొసతో జబ్బకి కట్టుకుని వచ్చి వెనక కూర్చున్నాడు. బహిష్కరణ తీర్మానం మోసుకెళ్ళిన నేనే, ఆ తీర్మానాన్ని దాటించడానికి అతన్ని మోసుకెళ్ళాను. కాలువ గట్టున వెళ్తే ఎవరైనా చూస్తారని కొబ్బరితోటల్లోంచి పోయాం.

పై ఊరి జట్టులో షాట్ కొట్టే కుర్రాడు క్రికెట్ చూస్తూ రాలేదు. మా వాడు వాళ్ళ బనీను తొడుక్కుని, వాళ్ళ వైపు నిలబడి ఆడాడు. చూసినవాళ్ళు నలభై మంది ఉంటారు. ప్రెసిడెంటు గారు ఆ వరి దుబ్బు వంక చూశారు. విప్పమని అనలేదు. ఆట అయ్యాక ఆఫీసరు దగ్గరకు పిలిచి, చేతికి అదేంటని అడిగాడు.

"మా చేనండి," అన్నాడు.

అంతే. పేరు రాసుకున్నది అప్పుడు. శ్రావణంలోపే ఉద్యోగంలో చేరాడు. ఆ సాయంత్రం మేం ఊళ్ళోకి తిరిగొచ్చేసరికి టీవీలో మనవాళ్ళు గెలిచే జోరులో ఉన్నారు. ఎక్కడికి పోయార్రా అని ఎవరో అడిగారు. నా నోట్లోంచి తలుపు కథ వచ్చేసింది. పై ఊరి వాళ్ళు ఎవరైనా అసలు సంగతి చెప్పినా మావాళ్ళు నమ్మలేదు. మా శివారు జట్టులో ద్రోహి ఉండడని వాళ్ళ నమ్మకం. మాస్టారొక్కరే నా మొహం చూసి, మినిట్స్ పుస్తకం మూసేశారు.

నీళ్ళా? నాలుగో రోజున వచ్చిన మాట నిజమే. మేం ఆడనందుకు వచ్చాయో, వాడు ఆడినందుకు వచ్చాయో, పై ఊరి చేలు తడిసిపోయాక ఎప్పటిలాగే వచ్చాయో నాకు తెలియదు. చాలా ఏళ్ళ తరవాత ఒక పెళ్ళిలో ప్రెసిడెంటు గారు కనబడితే ధైర్యం చేసి అడిగాను. ఆయన "ఏ ఏటి సంగతండీ అది?" అన్నారు. నటన కాదు. నిజంగానే గుర్తు లేదు ఆయనకి.

ఇదంతా ఇప్పుడు ఎందుకు ఒప్పుకుంటున్నానంటే, మొన్న మా బావమరిది ఊరొచ్చాడు. జుట్టు తెల్లబడింది, ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. రచ్చబండ దగ్గర ఎవరో అతన్ని కుర్రాళ్ళకు చూపించి, మనకోసం ఆట మానేసినవాడు ఈయనే అని చెప్పారట. ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పాడు. నేను ఈ సంగతులు రాస్తున్నానని అక్క చెప్పిందట.

"ఏం రాసుకుంటావో రాసుకో బావా," అన్నాడు. "నేను ఆడాను. అదొక్కటి సరిగ్గా రాయి."

రాశాను.